బార్లో తీర్పు : 2147483647 పై ఒక విమర్శ

ఇంగ్లండులోని వూల్విచ్ రాజసైనిక విద్యాలయములో గణితము బోధించిన పీటర్ బార్లో 1811లో సంఖ్యాసిద్ధాంతముపై ఒక గ్రంథము ప్రకటించినాడు. అందులో పరిపూర్ణ సంఖ్యలను గూర్చి వ్రాస్తూ ఆయన ఒక తీర్పు చెప్పినాడు. అప్పటికి తెలిసిన ఎనిమిదవ పరిపూర్ణ సంఖ్యయే ఎన్నటికైనా కనుగొనబడే పరిపూర్ణ సంఖ్యలలో అన్నిటికంటె పెద్దది. ఇటువంటి సంఖ్యలు వింతగొలిపేవే కాని ఉపయోగము గలవి కావు కనుక, దానిని మించినదానిని వెదకుటకు ఎవరూ పూనుకొనరు అని ఆ తీర్పు సారాంశము. ఆ ఎనిమిదవ పరిపూర్ణ సంఖ్యకు ఆధారమైనది 2147483647 అనే ప్రధాన సంఖ్య. అనగా 214 కోట్ల 74 లక్షల 83 వేల 647.

ఈ తీర్పు నిలువలేదని నేడు సంఖ్యాశాస్త్రముతో కొద్దిపాటి పరిచయము ఉన్నవారికి కూడా తెలుసు. నిలువలేదని చెప్పి నవ్వి ఊరుకొనుట సులభము. కాని అది ఎంతవరకు ఒప్పో, ఏ మెట్టువద్ద తప్పినదో విచారించుట ఎక్కువ ప్రయోజనకరము. ఎందుకంటే తరగతిలో ఏదో ఒక రోజున ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, దీనివల్ల ఏమి ఉపయోగమండీ?" అని అడుగక మానడు. బార్లో ముందున్న ప్రశ్న కూడా అదే. ఆయన దానికి తొందరపడి జవాబు చెప్పినాడు. ఆ తొందరపాటు ఉపాధ్యాయులకు గాని విద్యార్థులకు గాని రాకూడదు.

పరిపూర్ణ సంఖ్యలు - ప్రధాన సంఖ్యలు

ఒక సంఖ్యను నిశ్శేషముగా భాగించే సంఖ్యలలో ఆ సంఖ్యను విడిచి తక్కినవాటిని కూడితే మరల ఆ సంఖ్యయే వచ్చినచో దానిని పరిపూర్ణ సంఖ్య అంటారు. 6కు భాజకములు 1, 2, 3. వీటి మొత్తము 6. 28కి భాజకములు 1, 2, 4, 7, 14. వీటి మొత్తము 28.

ఇటువంటి సంఖ్యలను పొందే మార్గమును యూక్లిడ్ తన గ్రంథము తొమ్మిదవ భాగములో నిరూపించినాడు. 1తో మొదలుపెట్టి రెట్టింపు చేస్తూ పోయి, ఆ పదములను కూడవలెను. ఆ మొత్తము ప్రధాన సంఖ్య అయితే దానిని చివరి పదముచేత గుణించగా పరిపూర్ణ సంఖ్య వస్తుంది. 1 + 2 = 3; 3 × 2 = 6. 1 + 2 + 4 = 7; 7 × 4 = 28. 1 + 2 + 4 + 8 = 15; ఇది ప్రధాన సంఖ్య కాదు కనుక విడిచిపెట్టవలెను. 16ను కూడా చేర్చితే 31; 31 × 16 = 496. ఈ మొత్తములు ఎల్లప్పుడూ తరువాతి పదముకంటె ఒకటి తక్కువగా ఉంటాయి. అనగా 2 యొక్క ఏదో ఒక ఘాతము నుండి 1 తీసివేయగా వచ్చే సంఖ్యలు. సరిసంఖ్యలైన పరిపూర్ణ సంఖ్యలన్నీ ఈ రూపములోనే ఉంటాయని తరువాత ఆయిలర్ నిరూపించినాడు.

కనుక పరిపూర్ణ సంఖ్యలను వెదకుట అంటే ఈ రూపములోని ప్రధాన సంఖ్యలను వెదకుటయే. ఘాతాంకము సంయుక్త సంఖ్య అయితే ఫలితము కూడా సంయుక్తమే అవుతుంది. ఘాతాంకము ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన ఫలితము ప్రధానము కానక్కరలేదు. 2¹¹ − 1 = 2047 = 23 × 89. ప్రతి ఘాతాంకమును విడిగా పరీక్షించవలసినదే. బార్లో కాలమునకు ఫలితమిచ్చిన ఘాతాంకములు ఎనిమిది : 2, 3, 5, 7, 13, 17, 19, 31. చివరిదానినుండి వచ్చిన ప్రధాన సంఖ్య 2³¹ − 1 = 2147483647. దానిని 2³⁰ చేత గుణించగా వచ్చిన పరిపూర్ణ సంఖ్య 2305843008139952128. ఇది 19 అంకెల సంఖ్య.

ఆయిలర్ నిరూపణ

బార్లో దృష్టిని న్యాయముగా తూచవలెనంటే ఆయనకు ముందు జరిగిన శ్రమ ఎంతటిదో చూడవలెను. ఇటలీ దేశీయుడైన కటాల్డి 17, 19 ఘాతాంకములను భాగహారములతో పరీక్షించి, అవి ప్రధాన సంఖ్యలనే ఇస్తాయని 1603లో ప్రకటించినాడు. ఆయన అంతటితో ఆగక 23, 29, 31, 37 కూడా ప్రధాన సంఖ్యలనే ఇస్తాయన్నాడు. 1640లో ఫెర్మా 2²³ − 1 ని 47 భాగిస్తుందనీ, 2³⁷ − 1 ని 223 భాగిస్తుందనీ చూపినాడు. 1738లో ఆయిలర్ 2²⁹ − 1 ని 233 భాగిస్తుందని చూపినాడు. కటాల్డి చెప్పిన నాలుగింటిలో మూడు ఈ విధముగా కూలిపోయినవి. మిగిలినది 31 ఒక్కటే. అది నిజముగా ప్రధాన సంఖ్యనే ఇస్తుందని 1772లో ఆయిలర్ బెర్నూలీకి వ్రాసినాడు. అప్పటికి ఆయిలర్‌కు చూపు దాదాపు పూర్తిగా పోయినది.

సామాన్య పద్ధతిలో అయితే 2147483647 వర్గమూలము వరకు, అనగా సుమారు 46340 వరకు గల ప్రధాన సంఖ్యలన్నిటితోను భాగించి చూడవలెను. అవి 4792. ఆయిలర్ అంత శ్రమ పడలేదు. భాజకము ఉన్నట్లయితే అది ఏ రూపములో ఉండవలెనో ముందుగా నిర్ణయించినాడు.

ఒక ప్రధాన సంఖ్య 2³¹ − 1 ని భాగించినదనుకొనవలెను. 2 యొక్క ఘాతములను వరుసగా ఆ భాజకముచేత భాగించి శేషములు వ్రాస్తే 31వ మెట్టున శేషము 1 వస్తుంది. 31 ప్రధాన సంఖ్య కనుక అంతకు ముందు ఏ మెట్టునా 1 రాదు. ఆ తరువాత 62, 93 మొదలైన మెట్లలోనే మరల 1 వస్తుంది. ఫెర్మా సిద్ధాంతము ప్రకారము భాజకముకంటె ఒకటి తక్కువైన మెట్టున శేషము 1 రావలెను. అంటే భాజకములో నుండి 1 తీసివేస్తే మిగిలేది 31కి గుణిజము. భాజకము బేసి సంఖ్య కనుక అది 62కు కూడా గుణిజము. ఇది మొదటి నియమము.

రెండవ నియమము ఇంకొక దారిన వస్తుంది. 2³¹ కు శేషము 1 అయితే 2³² కు శేషము 2. కాని 2³² అనేది 2¹⁶ యొక్క వర్గము. అనగా ఆ భాజకము విషయములో 2 ఒక వర్గమునకు శేషముగా వస్తున్నది. ఇది 8 గుణిజమునకు ఒకటి ఎక్కువగా గాని, ఒకటి తక్కువగా గాని ఉన్న ప్రధాన సంఖ్యలకే సాధ్యము. రెండు నియమములను కలిపితే భాజకమును 248చే భాగించినప్పుడు శేషము 1 గాని 63 గాని కావలెను. 46340 లోపల అటువంటి సంఖ్యలు, 1నీ 63నీ విడిచిపెడితే, 372 మాత్రమే. వాటిలోనూ సంయుక్త సంఖ్యలను తీసివేస్తే పరీక్షించవలసినవి వందకు లోపే.

ఈ పద్ధతి బలము తరగతిలో సులభముగా చూపవచ్చును. 2¹³ − 1 = 8191. దీని వర్గమూలము 90కి కొంచెము పైన. మొదటి నియమము ప్రకారము భాజకము 26 గుణిజమునకు ఒకటి ఎక్కువ కావలెను : 27, 53, 79. రెండవ నియమము 27నూ 53నూ తొలగిస్తుంది. మిగిలినది 79. 79 × 103 = 8137; శేషము 54. ఒక్క భాగహారముతో 8191 ప్రధాన సంఖ్య అని తేలిపోయినది! ఇటువంటి లెక్కను తన చేతితో చేసిన విద్యార్థికి నిరూపణ అనగా ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు.

మొదటి పొరపాటు : పరిమాణమునే శ్రమ అనుకొనుట

ఇక బార్లో తీర్పులోని మొదటి భాగమును చూడవలెను. ఇంతకంటె పెద్దది దొరకదని ఆయన ఎందుకనుకొన్నాడు? ఆయిలర్ మార్గములోనే ముందుకు పోతే తరువాత ఫలితమిచ్చే ఘాతాంకము 61. 2⁶¹ − 1 వర్గమూలము సుమారు 151 కోట్ల 85 లక్షలు. రెండు నియమములనూ ప్రయోగించిన తరువాత కూడా 60 లక్షలకు పైగా సంఖ్యలను పరీక్షించవలసి వస్తుంది. ఒక మనిషి కలము పట్టుకొని చేయగల పని కాదది. కనుక 1811లో తెలిసిన పద్ధతులతో చూస్తే బార్లో సంశయము నిరాధారమైనది కాదు. పైగా ఆయన లెక్కల శ్రమకు వెరచినవాడు కాడు. 1 నుండి 10000 వరకు సంఖ్యలకు కారణాంకములు, వర్గములు, ఘనములు, వర్గమూలములు, ఘనమూలములు మొదలైనవాటిని ఇచ్చే పట్టికలను 1814లో ప్రకటించినవాడు ఆయనయే. ఆ పట్టికలు తరతరములుగా ఇంజనీర్ల చేతులలో మెలగినవి.

ఆయన పొరపాటు ఎక్కడున్నదంటే, సంఖ్య పెరిగితే శ్రమ కూడా అదే లెక్కన పెరుగుతుందనీ, పద్ధతి మాత్రము మారదనీ అనుకొనుటలో ఉన్నది. ఆయన మరణించినది 1862లో. 1867లో ఫ్రెంచి దేశీయుడైన లాండ్రీ 2⁵⁹ − 1 ని 179951 × 3203431780337 గా విడగొట్టి, రెండవ కారణాంకము ప్రధాన సంఖ్య అని చూపినాడు. దానితో ప్రధాన సంఖ్యలలో 2147483647 కు ఉండిన పెద్దరికము పోయినది. 1876లో ఎడ్వర్డ్ లూకా 2¹²⁷ − 1 ప్రధాన సంఖ్య అని నిరూపించినాడు. అది 39 అంకెల సంఖ్య : 170141183460469231731687303715884105727. దీనినుండి వచ్చే పరిపూర్ణ సంఖ్యకు 77 అంకెలు. బార్లో గిరిగీసిన 19 అంకెల హద్దు ఒక్క దూకుతో దాటిపోయినది.

లూకా దీనిని ఏ భాజకములతోను భాగించి చూడలేదు. చూడవలెనంటే, ఆయిలర్ నియమములతో వడపోసిన తరువాత కూడా, సెకనుకు ఒక భాగహారము చొప్పున 80 కోట్ల సంవత్సరములు పట్టేది. ఆయన పరీక్ష వేరు. దానిని 1930లో డి. హెచ్. లేమర్ మరింత సరళము చేసినాడు. 4తో మొదలుపెట్టవలెను. ప్రతి మెట్టులోను ఉన్న సంఖ్యను వర్గము చేసి, 2 తీసివేసి, పరీక్షించవలసిన సంఖ్యచేత భాగించి శేషమును ఉంచుకొనవలెను. ఘాతాంకముకంటె రెండు తక్కువైన మెట్టున శేషము సున్న వస్తే అది ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. ఇది 2 కంటె పెద్దవైన ప్రధాన ఘాతాంకములన్నిటికీ వర్తిస్తుంది.

127ను, అనగా 2⁷ − 1 ని, పరీక్షించవలెనంటే ఐదు మెట్లు కావలెను. 4 వర్గము 16, రెండు తీసివేయగా 14. 14 వర్గము 196, రెండు తీసివేయగా 194, శేషము 67. 67 నుండి 4487, శేషము 42. 42 నుండి 1762, శేషము 111. 111 నుండి 12319. ఇది సరిగా 127 × 97. శేషము సున్న. కనుక 127 ప్రధాన సంఖ్య. ఇదే పరీక్షకు 2147483647 విషయములో 29 మెట్లు, 39 అంకెల సంఖ్య విషయములో 125 మెట్లు చాలును.

ఈ పరీక్ష విశేషము ఇంకొకటి ఉన్నది. ఒక సంఖ్య సంయుక్తమని దాని కారణాంకము ఒక్కటి కూడా తెలియకుండానే చెప్పవచ్చును. 2⁶⁷ − 1 సంయుక్త సంఖ్య అని 1876లోనే లూకా చూపినాడు. దాని కారణాంకములు 193707721, 761838257287 అని అమెరికా దేశీయుడైన కోల్ ప్రకటించినది 1903లో. ఈ రెండు తేదీల మధ్య గల 27 సంవత్సరములు, 'ప్రధానము కాదని తెలియుట' వేరు, 'కారణాంకములు తెలియుట' వేరు అని స్పష్టపరుస్తున్నవి. బార్లో కాలములో ఈ రెండూ ఒకటిగానే కనబడేవి.

ఎవరూ పూనుకొనరన్న మాట మనుష్య స్వభావమును గూర్చి చెప్పిన జోస్యము. ఆ జోస్యము కూడా ఫలించలేదు. 2⁶¹ − 1 ప్రధాన సంఖ్య అని 1883లో చూపిన పెర్వూషిన్ రష్యాలో ఒక పల్లెటూరి చర్చిలో మతాచార్యుడు. ఆయనకు దానివల్ల జీతమూ రాలేదు, పదవీ రాలేదు. వింత అన్నదే మనిషిని పనికి పురికొల్పే శక్తి అని బార్లో గ్రహించలేదు. "వింతయే కాని" అని ఆయన తేలికచేసి అన్నదే అసలు కారణమైనది. 1952లో అమెరికాలో రాబిన్సన్ స్వాక్ అనే ఎలక్ట్రానిక్ గణనయంత్రముపై లూకా-లేమర్ పరీక్షను నడిపి, ఆ ఒక్క సంవత్సరములోనే ఐదు కొత్త ఘాతాంకములను కనుగొన్నాడు : 521, 607, 1279, 2203, 2281. 2024లో కనుగొనబడిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1 కు 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలున్నవి. దానితో ఈ రూపములో తెలిసిన ప్రధాన సంఖ్యలు 52 అయినవి.

రెండవ పొరపాటు : నేటి ఉపయోగమునే ఉపయోగమనుకొనుట

ఉపయోగము లేదన్న మాటను ఇప్పుడు పరీక్షించవలెను. ఇక్కడ చాలామంది వ్యాసకర్తలు ఒక పొరపాటు చేస్తారు. 2147483647 కంప్యూటర్లలో తరచుగా కనబడే సంఖ్య. 32 బిట్లలో ధన, ఋణ సంఖ్యలను వ్రాసే పద్ధతిలో ఇమిడే అతి పెద్ద సంఖ్య ఇదే. 1970 జనవరి 1 నుండి సెకండ్లను ఈ పద్ధతిలో లెక్కించే యంత్రములకు 2038 జనవరి 19న లెక్క నిండిపోవుట కూడా ఇందువల్లనే. దీనిని చూపి, "బార్లో పనికిరాదన్న ప్రధాన సంఖ్య నేడు ప్రతి కంప్యూటరులోను ఉన్నది" అని వ్రాస్తే వినుటకు బాగుంటుంది గాని తర్కము నిలువదు. ఆ స్థానము దానికి వచ్చినది 2 యొక్క ఘాతముకంటె ఒకటి తక్కువ అగుట వలన. ప్రధాన సంఖ్య అగుట వలన కాదు. 16 బిట్ల పద్ధతిలో అదే స్థానములో ఉన్న 32767 సంయుక్త సంఖ్య : 7 × 31 × 151. 64 బిట్లలో అదే స్థానములో ఉన్న 2⁶³ − 1 కూడా సంయుక్తమే. దానిని 7 భాగిస్తుంది. ఒక సంఖ్య ఉపయోగపడుట వేరు, దాని ప్రధానత్వము ఉపయోగపడుట వేరు. బార్లోను ఖండించేవారు ఈ రెండింటినీ కలిపివేయరాదు.

ప్రధానత్వమే ఉపయోగపడిన సందర్భము వేరే ఉన్నది. టిక్కెట్ల కిటికీ ముందు జనము ఎంతసేపు నిలబడవలసి వస్తుంది, పరమాణు రియాక్టరులో న్యూట్రానులు ఎటు పోతాయి - ఇటువంటి ప్రశ్నలకు యంత్రములో నమూనా కట్టి జవాబు వెదకుటకు యాదృచ్ఛిక సంఖ్యలు కావలెను. పాచికలు వేసినట్లు ఏ క్రమమూ కనబడకుండా వచ్చే సంఖ్యలివి. యంత్రమునకు పాచికలు లేవు కనుక, లెక్కచేసియే వాటిని పుట్టించవలెను. 1949లో లేమర్ ఒక సులభ మార్గము సూచించినాడు. ఒక సంఖ్యను స్థిరమైన ఒక గుణకముచేత గుణించి, స్థిరమైన ఒక భాజకముచేత భాగించి, శేషమును తీసికొనవలెను. ఆ శేషముతో మరల అదే పని చేయవలెను.

భాజకము 7, గుణకము 3 అయితే 1తో మొదలుపెట్టి 1, 3, 2, 6, 4, 5 వస్తాయి. ఆ తరువాత మరల 1. 1 నుండి 6 వరకు అన్ని సంఖ్యలూ ఒక్కొక్కసారి వచ్చినవి. గుణకము 2 అయితే 1, 2, 4 తోనే చక్రము ముగుస్తుంది. కనుక గుణకమును ఎంచి తీసికొనవలెను. భాజకముగా 8ని తీసికొంటే ఏ గుణకముతోనైనా 1 నుండి 7 వరకు అన్నీ రానే రావు. గుణకము 3 అయితే 1, 3 తోనే ముగుస్తుంది. భాజకము ప్రధాన సంఖ్య అయినప్పుడే ఏదీ విడిచిపోని పూర్తి చక్రము సాధ్యము. ప్రతి ప్రధాన సంఖ్యకూ అటువంటి గుణకము ఉండి తీరుతుందని గౌస్ తన గ్రంథములో నిరూపించినాడు.

1969లో ఐ.బి.ఎం. సిస్టమ్ 360 యంత్రము కొరకు లూయిస్, గుడ్‌మన్, మిల్లర్ అనే ముగ్గురు ఈ పద్ధతికి ఎంచుకొన్న భాజకము 2147483647. గుణకము 16807, అనగా 7⁵. ఈ రెండింటితో వచ్చే చక్రములో 2147483646 సంఖ్యలు, ఏ ఒక్కటీ తప్పిపోకుండా, ఏ ఒక్కటీ రెండుమార్లు రాకుండా వస్తాయి.

ఈ సంఖ్యకు ఇంకొక సౌకర్యము కూడా ఉన్నది. దశాంశ పద్ధతిలో 9చే భాగిస్తే వచ్చే శేషమును అంకెలు కూడి తెలిసికొనుట ప్రతి విద్యార్థికి తెలుసు. 10ని 9చే భాగిస్తే 1 మిగులుటయే దానికి కారణము. రెండు అంకెలతోనే లెక్కించే యంత్రములో 2³¹ − 1 అటువంటి '9'. చిన్న ఉదాహరణగా 1000ని 31చే భాగించి చూడవలెను. 31కి బదులు 32చే భాగిస్తే భాగఫలము 31, శేషము 8. వాటి మొత్తము 39. మరల 39ని 32చే భాగిస్తే భాగఫలము 1, శేషము 7. వాటి మొత్తము 8. 1000ని 31చే భాగించగా వచ్చే శేషము అదే. 32చే భాగించుట యంత్రమునకు శ్రమ కాదు. చివరి ఐదు అంకెలను విడదీస్తే చాలును. కాబట్టి ఈ భాజకముతో శేషము తీసుకొనుటకు నిజమైన భాగహారమే అక్కరలేదు. ఒకవైపు ప్రధానత్వము, ఒకవైపు ఈ సౌలభ్యము, మరొకవైపు 32 బిట్లలో సరిగా ఇముడుట - మూడూ కలిసిన సంఖ్య మరొకటి లేదు.

ఇక్కడ తేదీలను గమనించవలెను. పూర్తి చక్రము ఉంటుందన్న గౌస్ గ్రంథము వెలువడినది 1801లో. అనగా బార్లో గ్రంథమునకు పది సంవత్సరములు ముందే. ఆయిలర్ నిరూపణ 1772 నాటిది. ఉపయోగమునకు కావలసిన గణితమంతయు బార్లో బల్లమీదనే ఉన్నది. లేనిది యంత్రము మాత్రమే. ఆయన "ఉపయోగము లేదు" అన్నది నిజానికి "ఇప్పుడు నాకు కనబడుట లేదు" అని మాత్రమే. మొదటి మాట సంఖ్యను గూర్చినది. రెండవది చెప్పేవానిని గూర్చినది.

ఎదుటివైపు పొరపాటు

ఇంతవరకు చదివి, "అయితే సంఖ్యాశాస్త్రము ఉపయోగకరమని తేలినది కదా, విద్యార్థులకు అదే చెప్పవచ్చును" అని ఎవరైనా అనుకొంటే అది బార్లో పొరపాటునే తిరగవేసి చేయుట అవుతుంది. ఉపయోగము వచ్చినది కనుక విలువ వచ్చినదనుట, ఉపయోగము లేదు కనుక విలువ లేదనుట - రెండూ ఒకే కొలబద్దతో కొలిచినవి.

ఆ కొలబద్ద చాలదనుటకు సాక్ష్యములు ఈ కథలోనే ఉన్నవి. పరిపూర్ణ సంఖ్యలకు, బార్లో నిజముగా తీర్పు చెప్పినది వాటిని గూర్చియే, ఈనాటికీ చెప్పుకోదగ్గ ఉపయోగము లేదు. అయినా బేసి పరిపూర్ణ సంఖ్య ఒకటైనా ఉన్నదా అనే ప్రశ్న గణితజ్ఞులను విడిచిపెట్టలేదు. దానికి ఇప్పటికీ సమాధానము లేదు. 2³¹ − 1 వంటి ప్రధాన సంఖ్యలు అనంతముగా ఉన్నవా అనే ప్రశ్న కూడా అట్లే నిలిచి ఉన్నది. ఇక ఉపయోగము విషయమునకు వస్తే, అది వచ్చినట్లే పోతుంది కూడా. 214 కోట్ల సంఖ్యల చక్రము 1969లో దీర్ఘమే. నేటి యంత్రములు దానిని కొద్ది సెకండ్లలో ముగించివేస్తాయి. 1998లో మత్సుమోతో, నిషిమురా ప్రకటించిన పద్ధతిలో చక్రము పొడవు 2¹⁹⁹³⁷ − 1. అది 6002 అంకెల ప్రధాన సంఖ్య. ప్రధానమని 1971లో టకర్‌మన్ నిరూపించినది. దానికి కూడా ఉపయోగము నిరూపణ తరువాత 27 సంవత్సరములకు వచ్చినది. యంత్రములు మారినప్పుడు ఈ పద్ధతులు మారుతాయి. కాని 2147483647 ప్రధాన సంఖ్య అని 1772లో ఆయిలర్ చెప్పినది మాత్రము మారదు. ఏ యంత్రము వచ్చినా, ఏ యంత్రము పోయినా అది అట్లే ఉంటుంది.

తుది మాట

బార్లో గ్రంథములో రెండు రకముల వాక్యములు పక్కపక్కనే అచ్చయినవి. 2³¹ − 1 ప్రధాన సంఖ్య అనేది ఒకటి. దానిని ఎవరూ దాటరనేది రెండవది. మొదటిది ఆయిలర్ నిరూపణపై నిలిచినది; రెండవది బార్లో ఊహపై నిలిచినది. అచ్చు ఒకటే, కాగితము ఒకటే. చదివేవారికి రెండూ ఒకే బరువుగా కనబడతాయి. వాటిని వేరుచేసి చూచుటయే గణితము నేర్పే ముఖ్యమైన వివేకము. కటాల్డి చెప్పిన నాలుగు ఘాతాంకములలో మూడు తప్పని తేలినది కూడా ఎవరో మాటను మాటగా వదలక లెక్కచేసి చూచుట వల్లనే.

బార్లోను పూర్తిగా తిరస్కరించుట న్యాయము కాదు. అప్పటి పద్ధతుల శక్తిని ఆయన సరిగానే అంచనా వేసినాడు. అంచనాను హద్దుగా ప్రకటించుటయే ఆయన లోపము. "ఈ పద్ధతితో ఇంతకు మించి పోవుట కష్టము" అని వ్రాసి ఉంటే అది నేటికీ ఒప్పే అయి ఉండేది; అంతేకాక కొత్త పద్ధతి వెదకవలెనన్న పిలుపు కూడా అయి ఉండేది.

"ఏమి ఉపయోగము?" అని అడిగిన విద్యార్థికి ఉపాధ్యాయుడు యంత్రముల కథ చెప్పవచ్చును, అది నిజమైన కథయే. కాని దానికంటె ముందు 8191ను బల్లమీద వ్రాసి, దానిని ప్రధాన సంఖ్య అని తేల్చుటకు ఎన్ని భాగహారములు కావలెనో అడుగవచ్చును. పిల్లలు ఇరవై నాలుగు అంటారు. 90 వరకు గల ప్రధాన సంఖ్యలు అన్నే కనుక అది సరియైన జవాబే. ఒక్కటి చాలునని చూపినప్పుడు తరగతిలో కలిగే ఆశ్చర్యమే ఆ ప్రశ్నకు మొదటి సమాధానము. బార్లో వింత అని తేలికగా తీసివేసినది దానినే.